విండోస్ 11లో పాత మెనూ: అలవాటు పడాలా, వెనక్కి తెచ్చుకోవాలా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఒంగోలు, కావలి డీటీపీ షాపుల్లో సిస్టమ్‌లు ఒక్కొక్కటే పదకొండుకి మారుతున్నాయి. మారిన మర్నాడే మొదలు: "అన్నా, రీనేమ్ ఏడకి పోయింది?" ఏడకీ పోలేదు. రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో కట్, కాపీ, డిలీట్‌తో పాటు పైన చిన్న బొమ్మగా కూర్చుంది. పాత మెనూ మొత్తం 'షో మోర్ ఆప్షన్స్' వెనక దాక్కుంది.

ఈ కొత్త రైట్ క్లిక్ మెనూ, కొత్త స్టార్ట్ మెనూ వద్దనుకునేవాళ్లకి విండోస్ ఇచ్చిన వెసులుబాటు కొంచెమే. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్‌లోకి వెళ్లి అలైన్‌మెంట్ లెఫ్ట్ పెడితే స్టార్ట్ బటన్ ఎడమ మూలకి వస్తుంది. నొక్కితే మాత్రం తెరుచుకునేది కొత్త స్టార్ట్ మెనూనే! రైట్ క్లిక్ పాత మెనూకి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కాలి. ఖర్చు లేదు, రిస్కూ లేదు.

రెండో దారి ఓపెన్-షెల్ లాంటి ఉచిత టూల్. స్టార్ట్ మెనూ అచ్చం విండోస్ 7లా అయిపోతుంది. ఇది బాగానే ఉంటుంది. స్క్రీన్ అడుగున ఉండే టాస్క్‌బార్‌నే మార్చేసే టూల్స్‌తోనే నాకు భయం, విండోస్ అప్‌డేట్ పడితే అవి దెబ్బతినొచ్చు. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ రెండో మంగళవారం వదులుతుంది, మనకి అది రాత్రి. తెల్లారితే ముహూర్తాల సీజన్, శుభలేఖలు ప్రింటుకి పోవాలి, టాస్క్‌బార్ కనపడదు. ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

అసలు కంపెనీ ఇచ్చే పాత మెనూని కూడా ఎంతకాలం నమ్మగలం? విండోస్ ఎక్స్‌పీలో క్లాసిక్ స్టార్ట్ మెనూ ఉండేది, 2009లో విండోస్ 7 దాన్ని తీసేసింది. 2012లో విండోస్ 8 ఏకంగా బటన్నే తీసేసింది. జనం గోల చేస్తే 2013లో 8.1తో బటన్ వచ్చింది. మెనూ రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ విషయంలో ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ పద్ధతే పద్ధతి. 2019లో ట్యాబ్‌ల మెనూని పక్కాగా తెచ్చినా పాత టూల్‌బార్‌ని తీసేయలేదు. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు.

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో అకౌంట్స్ చూసేవాళ్లకి ఈ గొడవే అక్కర్లేదు. రోజంతా ఉండేది ట్యాలీలోనే కదా, దాన్ని టాస్క్‌బార్‌కి పిన్ చేసుకుంటే చాలు.

పనివాళ్లు మారుతుండే షాపులో అయితే కొత్త మెనూనే ఉంచండి, బటన్ ఒక్కటీ ఎడమకి జరపండి. రేపు వచ్చే కుర్రాడు కాలేజీ ల్యాబ్‌లో చూసి వచ్చేది దాన్నే. ఏళ్ల తరబడి ఒకే సిస్టమ్ మీద, ఒకే చెయ్యి పనిచేస్తుంటే మాత్రం ఓపెన్-షెల్ వేసుకోండి, పని స్పీడు తగ్గదు. ఎక్కడపడితే అక్కడ కాకుండా ప్రోగ్రాములు పెట్టే గిట్‌హబ్ సైట్‌లో దాని సొంత పేజీ నుంచే దించుకోండి.