హన్మకొండలో గ్రీకు నృత్యాల క్లాసు ఎలా ఉందంటే

నక్కలగుట్టలో ఒక డాన్స్ స్కూల్ వాళ్లు శని, ఆదివారాల్లో గ్రీకు జానపద నృత్యాల వర్క్‌షాప్ పెట్టారు. మనిషికి 1,200 రూపాయలు. టీ, బిస్కెట్లు వాళ్లవే, మధ్యాహ్నం బువ్వ మాత్రం ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోవాలి. మళ్లీ బ్యాచ్ పెడతామంటున్నారు కాబట్టి వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. నేను మా కాలనీలో కోలాటం బృందం నడిపిస్తాను. శ్రీరామనవమికి, గణేశ్ నిమజ్జనానికి ఆడతాం. పదిమంది ఆడవాళ్లను ఒకే అడుగులోకి తేవడానికి ఎంత తిప్పలో తెలిసినదాన్ని, ఈ క్లాసును కూడా ఆ లెక్కలోనే చూశాను.

నా మాట ముందే చెప్పేస్తా. డబ్బులు వృథా పోవు. మొదటి రోజు పొద్దున నేర్పిన కలమతియానోస్ అనే వరుస నృత్యం ఒక్కదానికే ఆ ఫీజు చెల్లిపోయింది. రెండో రోజు పొద్దంతా సిర్తాకీ అనే సినిమా నృత్యానికి పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

నేర్పిన అబ్బాయి మన వరంగల్ పిల్లవాడే. జర్మనీలో చదువుకునేటప్పుడు స్టుట్‌గార్ట్‌లో గ్రీకు కుటుంబాల పెళ్లిళ్లకు వెళ్లి నేర్చుకున్నాడట. 1960లో గ్రీసు, జర్మనీ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరాక ఫ్యాక్టరీ పనులకు వెళ్లిన గ్రీకువాళ్లు చాలామంది అక్కడే ఉండిపోయారు. వాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పటికీ పెళ్లంటే వరుస కట్టి ఆడతారని చెప్పాడు. పెళ్లిళ్లలో నేర్చుకున్నవాడు కాబట్టే అడుగు కన్నా ముందు చెయ్యి ఎలా పట్టుకోవాలో చూపించాడు. మోచేతులు మడిచి, అరచేతులు భుజాల ఎత్తుకు తెచ్చి, పక్కవాళ్ల చేతిని తేలిగ్గా పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుంటే వరుస మొత్తం బిగుసుకుపోతుంది. పొద్దున మొదటి గంట సంగీతం పెట్టకుండా ఉత్త నడకే. కొందరు విసుక్కున్నారు కానీ, నాకైతే ఆ గంటే చాలా విలువైనది.

తర్వాత కలమతియానోస్. గ్రీసు దక్షిణాన పెలొపొన్నీస్‌లో ఉన్న కలమాత పట్టణం పేరు మీద వచ్చింది. ఇవాళ ఆ దేశంలో ఏ మూల పెళ్లి జరిగినా ఇది ఆడతారట. తాళం ఏడు మాత్రలు, మూడు రెండు రెండుగా విరుగుతుంది. బృందంలో సగం మంది బెదిరిపోతుంటే ఆ అబ్బాయి చేత్తో తాళం వేస్తూ, "అక్కా, మిశ్రచాపు ఎరికేనా? తకిట, తక, దిమి. తకిట మీద ఒకడుగు, తక మీద ఒకడుగు, దిమి మీద ఒకడుగు. గంతే" అన్నాడు. అంతే, అందరి కాళ్లూ దారికొచ్చాయి. మొదటి అడుగు నిలకడగా, తర్వాతి రెండూ చురుగ్గా పడాలి. అట్లా నాలుగు ఆవర్తాలకు పన్నెండు అడుగులు. గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, కుడివైపుకు సాగుతూ చివర్లో కొంచెం ఎడమకు వచ్చి మళ్లీ సాగుతారు. మన దగ్గర సంగీతం నేర్చుకున్న పిల్లలకు ఈ నృత్యం ఇట్టే పట్టుబడుతుంది.

ఇది సిర్తోస్ అనే పెద్ద కుటుంబంలోది. గ్రీసులోని బియోషియా ప్రాంతంలో క్రీస్తుశకం మొదటి శతాబ్దపు శాసనం ఒకటి దొరికింది. ఎపమినోండస్ అనే దాత ఉత్సవం జరిపించి, పూర్వీకుల సిర్తోస్ నాట్యాన్ని నియమంగా ఆడించాడని అందులో ఉంది. అప్పటికే పాత ఆచారమన్నమాట. ఇవాళ ఆడే అడుగులు అప్పటివేనని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు. ఆ అబ్బాయి ఈ తేడాను దాచకుండా చెప్పినందుకు నాకు గౌరవం కలిగింది. మన దగ్గర రామప్ప శిల్పాలను చూసి పేరిణిని మళ్లీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణ గారి పని తెలిసినవాళ్లకు ఇందులో ఎంత జాగ్రత్త కావాలో అర్థమవుతుంది.

మధ్యాహ్నం త్సామికోస్. మూడు మాత్రల లయ, నిదానమైన నడక. ఇందులో వరుస ముందున్న మనిషికి, రెండో మనిషికి మధ్య ఒక దస్తీ ఉంటుంది. ముందున్నవాళ్లు ఆ దస్తీ ఆసరాతో ఎగురుతారు, వెనక్కి వాలుతారు, గిర్రున తిరుగుతారు. మిగతా వరుస మామూలు అడుగుతో సాగుతుంది. అందరూ ముందున్న మనిషినే చూస్తారు, నాకు మాత్రం రెండో మనిషి మీద నుంచి చూపు మళ్లలేదు. నన్ను అక్కడ నిలబెట్టి ఆ అబ్బాయి చెప్పిన మాట ఇది: "ముందటామె వాలితే బరువంతా మీ చేతి మీదనే పడ్తది అక్కా. మణికట్టు గట్టిగ పెట్టున్రి, భుజం వదులుగ ఉంచున్రి. ఆమె ఎటు పోతదో మీకు ముందే తెల్వాలె." మా కోలాటంలో ఇట్లాంటి చోటు లేదు. మా దగ్గర అందరి కోలలూ సమానమే, నడిపించే గురువు తాళాలు పట్టుకుని పక్కన నిలబడతాడు. ఇక్కడ ఒకరి ఎగురుడు మొత్తం ఇంకొకరి నిలకడ మీద ఆధారపడింది. పెళ్లిలో వధువు ముందు నిలబడితే దగ్గరి చుట్టాలు వంతులవారీగా వచ్చి ఆ రెండో చోటు తీసుకుంటారట. ముందున్నవాళ్లు వాయించేవాళ్లకు నోట్లు ఇచ్చి తమకిష్టమైన పాట అడుగుతారట. ఒగ్గుడోలు వాళ్లకు, డప్పు వాళ్లకు డబ్బులు చదివించే ఊళ్లలో పెరిగినవాళ్లం, మాకు ఇది వివరించాల్సిన పని లేకుండా పోయింది.

ఒక పెద్దమ్మ, "బతుకమ్మ లెక్కనే ఉందిగద బిడ్డా" అంది. దానికి అతను మెగారా పట్టణం సంగతి చెప్పాడు. ఏథెన్స్ దగ్గరి ఊరు. ఈస్టర్ తర్వాతి మంగళవారం ఆడవాళ్లు త్రాతా అనే నృత్యం ఆడతారు. పక్కామె చెయ్యి వదిలేసి, ఆ పక్కన ఉన్నామె చెయ్యి పట్టుకుంటారు, చేతులన్నీ బుట్ట అల్లినట్టు ఒకదానిమీదొకటి పడతాయి. పెద్దమ్మ మాట సగం నిజం. బతుకమ్మకు నడుమ పూల పేర్పు ఉంటుంది, చప్పట్లు కొట్టాలి కాబట్టి చేతులు విడిగా ఉంటాయి, వలయం మూసి ఉంటుంది. వాళ్ల వలయం తెరిచి ఉంటుంది. మొదటి మనిషి, చివరి మనిషి ఎవరో తెలుస్తుంది, కొత్తగా వచ్చినవాళ్లు తోక దగ్గర చేరతారు. ఆ తోక చివర మా బృందంలోని చిన్నపిల్ల చేరి, పెద్దవాళ్ల కాళ్లు చూస్తూనే అడుగు పట్టుకుంది. ఎవరూ నేర్పలేదు. వెయ్యిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు మా పిల్లలు నేర్చుకునేదీ అట్లాగే.

ఇక సిర్తాకీ. ఇది 1964లో వచ్చిన 'జోర్బా ద గ్రీక్' సినిమా కోసం తయారైన నృత్యం. యోర్గోస్ ప్రొవియాస్ కూర్చాడు, సంగీతం మికిస్ థియోదొరాకిస్‌ది. పాత హసాపికో నృత్యం నుంచి అడుగులు తీసుకుని, నెమ్మదిగా మొదలై వేగం పుంజుకునేలా చేశారు. హసాపికోను కాన్‌స్టాంటినోపుల్‌లోని, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లోని కసాయివాళ్ల సంఘంతో ముడిపెట్టి చెబుతారు. సిర్తాకీ అందంగానే ఉంటుంది, కాదనను. అయితే దానికి పొద్దంతా ఎందుకు? ఆ టైములో హసాపికోనే నేర్పి, చివర్లో అరగంట సిర్తాకీ చూపిస్తే సరిపోయేది. స్కూల్ వాళ్లు వీడియో కోసం అడిగారని నాకు తర్వాత అర్థమైంది. అందరినీ గోడనిండా ఉన్న అద్దానికి ఎదురుగా మూడు వరుసల్లో నిలబెట్టారు, సౌండ్ బాక్స్ చెవులు పగిలేలా పెట్టారు. పక్కవాళ్ల అడుగు వినపడదు, ఎదుటివాళ్ల ముఖం కనపడదు, ఎవరి బొమ్మ వాళ్లు చూసుకుంటూ ఆడాలి. నిన్న చేతుల్లోకి వచ్చిన పట్టు గంటలో పోయింది. వరుస నృత్యాన్ని అద్దం ముందు నేర్పకూడదు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

జెయిబెకికో అనే నృత్యం విషయంలో మాత్రం ఆ అబ్బాయి నిలబడ్డాడు. తొమ్మిది మాత్రల తాళం, ఒక్క మనిషే ఆడతాడు, అడుగులు అప్పటికప్పుడు పుడతాయి. 1923లో గ్రీసులోని ముస్లింలను, టర్కీలోని గ్రీకు క్రైస్తవులను ఆ రెండు దేశాలూ మార్చుకున్నప్పుడు ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఈ నృత్యానికి పిరేయస్ రేవులో, ఏథెన్స్ పేటల్లో ఊపిరి పోశారు. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు లేవరు, చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లు కొడతారు. "ఇది నేర్పమంటే నేర్పలేను, చూడున్రి" అని ఒక్కసారి ఆడి ఊరుకున్నాడు. స్కూల్ వాళ్లు మళ్లీ చేయమన్నా చేయలేదు. అదే 1923లో నల్లసముద్రపు తీరం నుంచి వచ్చిన పొంతస్ గ్రీకుల నృత్యాలను ఫోన్‌లో చూపించాడు. భుజానికి భుజం ఆనించి, ఒళ్లంతా సన్నగా వణికిస్తూ, చిన్న లిరా వాయిద్యం చుట్టూ ఆడతారు. ఈసారి బ్యాచ్‌లో వాటికి ఒక పూట పెడితే బాగుంటుంది.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కలమతియానోస్ నిశ్చింతగా ఆడొచ్చు, త్సామికోస్‌లో ముందు చోటు అడగొద్దు. టైల్స్ జారుతున్నాయి కాబట్టి సాక్సులు వద్దు, వట్టి కాళ్లు మేలు. చీర కట్టుకున్నవాళ్లు మామూలుగానే ఆడారు. సొంత దస్తీ పట్టుకెళ్లండి, కొంచెం పెద్దది, నూలుది. ఒంటరిగా వెళ్లడం కన్నా ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే ఇంటికొచ్చాక సాధన సాగుతుంది.

స్కూల్ వాళ్లకు నేను ఫోన్ చేసి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. అద్దానికి ఒక పరదా కట్టండి, సౌండ్ తగ్గించండి, సిర్తాకీని చివరి అరగంటకు జరపండి. ఆ మూడూ చేస్తే దసరా సెలవుల బ్యాచ్‌కు మా కాలనీ నుంచి పిల్లలను, వాళ్ల అమ్మలను నేనే తీసుకొస్తాను.