అగ్నిపర్వతం హైకింగ్ ప్యాకేజీ కొంటున్నారా? మాకు దక్కింది బురద కూడా కాదు

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో అండమాన్ 'వల్కేనో హైకింగ్' ప్యాకేజీ ఒకటి తిరుగుతోంది. "ఈమధ్యే బద్దలైన అగ్నిపర్వతం, మూడు గంటల నడక, పొగ తగిలేంత దగ్గర్నుంచి చూడండి" అని ఉంటుంది. మీ ఫోన్‌కీ వచ్చి ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మేం కట్టేశాం. ముగ్గురికి రూ.1,62,000. అందులో ఆ హైకింగ్ ఒక్కదానికే మనిషికి రూ.12,000 అదనం.

ఆఫీసు గవర్నర్‌పేటలో. ఏసీ గది, గోడకి పెద్ద టీవీ, దాంట్లో ఎర్రగా చిమ్ముతున్న లావా. కాస్త దూరంలో గడ్డి మీద జనం కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు ఆ టీవీ ముందు నుంచి కదల్లేదు. 2025 సెప్టెంబర్ 13న, 20న అండమాన్‌లోని బారెన్ ఐలాండ్ అనే దీవిలో అగ్నిపర్వతం పొంగిందని అప్పుడే పేపర్లలో వచ్చింది. "అదే కొండ మేడమ్, మనోళ్ళు నడిపించుకుని తీసుకెళ్తారు, మీకెందుకు టెన్షన్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. టీవీలో జనమంతా స్వెటర్లు, టోపీలు వేసుకుని ఉన్నారు. అండమాన్‌లో స్వెటర్లేమిటని ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు. అది ఐస్‌లాండ్ వీడియో అని తర్వాత మావాడే కనిపెట్టాడు, 2021లో ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ దగ్గర తీసింది. అక్కడ నిజంగానే జనం నడిచి వెళ్ళి లావా చూశారు. అంటే వీళ్ళు చూపించింది ఒక దేశం, అమ్మింది ఇంకో దేశం.

మేం మాత్రం బాగా తయారయ్యాం. బీసెంట్ రోడ్డులో ముగ్గురికీ బూట్లు కొన్నాం. రెండు ఆదివారాలు కొండపల్లి కోట ఎక్కి దిగాం. రెండోసారి మా ఆయన సగంలో కూర్చుండిపోయి, "అగ్నిపర్వతాన్నే ఇక్కడికి రమ్మనవే" అన్నారు. దసరా వెళ్ళిన వారంలో, మావాడికి స్కూల్లో సెలవు పెట్టించి, చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ చేరాం. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం.

నిజం తెలిసింది కారెక్కాక. డ్రైవర్ శ్రీకాకుళం వాళ్ళాయన, అండమాన్‌లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మా కార్యక్రమం విని అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. "ఏటి మేడమ్, బారెన్ మీదకి నడిపిస్తామన్నారా? ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, అక్కడికి నడిచెళ్ళిన టూరిస్టుని నేనెరగను."

ఆయన చెప్పిందీ, తర్వాత మేం తెలుసుకున్నదీ కలిపి చెబుతాను, ఇదే మీకు అసలు పనికొచ్చేది. బారెన్ ఐలాండ్ మన దేశంలో ఉన్న ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం. పోర్ట్ బ్లెయిర్ నుంచి సముద్రంలో దాదాపు 140 కిలోమీటర్లు. మనుషులు ఉండరు, కాసిని మేకలు ఉంటాయట. నూట యాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి 1991లో లేచింది, అప్పటి నుంచి ఆగి ఆగి పొంగుతూనే ఉంది. టూరిస్టులు దీవి మీద దిగడానికి వీల్లేదు. అనుమతి దొరికితే పడవలోనో ఓడలోనో ఉండి దూరం నుంచి చూసి రావాలి, అంతే. ఇక హైకింగ్ ఎక్కడిది?

మరి వీళ్ళు చూపించేది ఏమిటంటే, బారాటాంగ్ దీవిలో ఉన్న మడ్ వల్కేనో. పేరులో వల్కేనో ఉంది కదా, అదీ వీళ్ళ ధైర్యం. దానికి లావాతో సంబంధం లేదు. నేల లోపల గ్యాస్ ఒత్తిడికి నీళ్ళూ బురదా కలిసి పైకి తన్నుకొస్తాయి. పొయ్యి మీద రాగి జావ ఉడుకుతున్నట్టు బుడగలు వస్తాయి, కాకపోతే జావ చల్లగా ఉంటుంది. జీపు దిగి కాస్త నడిస్తే చాలు, దానికి కొండపల్లి ప్రాక్టీసు అక్కర్లేదు.

సరే, డబ్బు పోయింది, కనీసం బురదన్నా చూద్దామనుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి లేచి జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాల వరసలో నిలబడ్డాం. అక్కడి నుంచి జరావా తెగ వాళ్ళ అడవి. కాన్వాయ్‌లో మాత్రమే వెళ్ళాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ తర్వాత బండితో సహా పంటు మీద దాటాం. తీరా అవతలి ఒడ్డుకు చేరాక చెప్పారు, మడ్ వల్కేనో దగ్గరికి ఎవరినీ పంపడం లేదని. అక్టోబర్ 2న, సరిగ్గా మనం ఇక్కడ విజయదశమి చేసుకుంటున్న రోజున, అది పెద్ద శబ్దంతో పేలిందట. 2005 తర్వాత అంత గట్టిగా పేలడం ఇదే. మూడు నాలుగు మీటర్ల ఎత్తున బురద గుట్ట లేచిందని చెప్పారు. "ఈమధ్యే బద్దలైన" అన్న ఒక్క మాట మాత్రం నిజమైంది, అదీ వీళ్ళకి తెలియకుండా. ఈ కబురు మేం విజయవాడలో ఉండగానే వచ్చింది, కానీ ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ లేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మాకు ఎలుక కూడా దొరకలేదు. మడ అడవుల్లో పడవ మీద వెళ్ళి సున్నపురాయి గుహలు చూసి వెనక్కి వచ్చాం. గుహలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు. సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్, హోటల్ అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

తిరిగొచ్చాక ఆఫీసుకు వెళ్తే, "బారాటాంగ్‌ది కూడా వల్కేనోనే కదా మేడమ్" అన్నారు. రసీదు తీసి చూశాను. 'వల్కేనో విజిట్' అని ఉంది, ఏ దీవో లేదు, ఏ కొండో లేదు, హైకింగ్ అన్న మాటే లేదు. అవన్నీ నోటి మాటలూ వాట్సాప్ మాటలూ. గంట వాదించాక రూ.36,000 వెనక్కి ఇవ్వం, దానికి బదులు ఇండోనేషియా ప్యాకేజీలో తగ్గించుకుంటాం అన్నారు. అక్కడ బటూర్ అనే 'తాజా' అగ్నిపర్వతం ఎక్కిస్తారట. బాలిలో ఉన్న ఆ కొండ చివరిసారి పొంగింది 2000లో. ఇరవై అయిదేళ్ళ నాటిది తాజా ఎలా అవుతుందని మావాడు అడిగితే, "బాబుకి నాలెడ్జ్ ఎక్కువ" అని నవ్వారు.

నిజంగా తాజాగా రగులుతున్నది ఎక్కిస్తామన్నా నేను పంపను. అదే ఇండోనేషియాలో, సుమత్రా దీవిలో మరాపి 2023 డిసెంబర్ 3న పేలినప్పుడు కొండ మీద డెబ్బై మందికి పైగా ఉన్నారు, 24 మంది చనిపోయారు. బిలం చుట్టూ మూడు కిలోమీటర్ల లోపలికి వెళ్ళొద్దని శాస్త్రవేత్తలు ముందే చెప్పారు, అయినా ఎక్కడానికి టికెట్లు ఇచ్చారు. టికెట్ ఇచ్చారు కాబట్టి భద్రమే అనుకునే అలవాటు మనకూ ఉంది కదా.

మీరు ఇలాంటిది కొనాల్సే వస్తే దీవి పేరు, కొండ పేరు, కాలినడకా పడవా, అనుమతి ఎవరిది, అక్కడ మూసేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ రసీదు మీదే రాయించండి. రాయడానికి పెన్ను కోసం వెతుకుతున్నారంటే లేచి వచ్చేయండి. మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. రూ.5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చుని కూడా పెట్టొచ్చు. వాట్సాప్ చాట్, ఆ స్వెటర్ల వీడియో రెండూ దాచాను.

దీపావళి సెలవులకి ఇదే ప్యాకేజీ మీద ఇంకో బ్యాచ్ వెళ్తోందని ఆఫీసులో విన్నాను. ఎక్కువమంది గుంటూరు వాళ్ళట. అందులో మీవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి, మిగతా సగం డబ్బు ఇంకా కట్టి ఉండరు.