రెండు దేశాల పెళ్లి, ఒక ముందస్తు ఒప్పందం: మేం ఆశ్రయించిన రెండు న్యాయ సేవలు

నాది ఒక దేశపు పౌరసత్వం, నాకు కాబోయే భర్తది మరొక దేశపు పౌరసత్వం. పెళ్లయ్యాక ఇద్దరం మూడవ దేశంలో కొన్నేళ్లు ఉద్యోగాలు చేయాలనుకున్నాం. వివాహానికి ముందే ఆస్తుల విషయమై ఒప్పందం రాసుకోవాలా వద్దా అన్న ప్రశ్న పెళ్లికి ఆరు నెలల ముందు మా మధ్యకు వచ్చింది. దాన్ని తేల్చుకోవడానికి మొదట ఇంటర్నెట్‌లో పత్రాలు తయారుచేసి ఇచ్చే ఒక సేవను, ఆ తర్వాత అంతర్జాతీయ కుటుంబ వ్యవహారాలు చూసే ఒక న్యాయవాద కార్యాలయాన్ని ఆశ్రయించాం. ఇదే సందిగ్ధంలో ఉన్నవారికి పనికొస్తుందని ఆ రెండింటి గురించీ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

మొదటి సేవ గురించి చెప్పవలసింది తక్కువే. పేర్లు, ఆస్తుల జాబితా, పెళ్లి తేదీ, దేశం నింపగానే అరగంటలో చక్కగా అచ్చువేసినట్టున్న పత్రం చేతికొచ్చింది. అయితే పెళ్లయ్యాక ఎక్కడ కాపురం పెడతారన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. దేశం అన్న గడిలో ఒక్క పేరు మాత్రమే పడుతుంది, మా జీవితం మూడు దేశాల్లో ఉంది. పుట్టబోయే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వారి పోషణకు ఎవరెంత ఇవ్వాలి అన్నవి కూడా ఆ పత్రం ముందే నిర్ణయించేసింది. పిల్లల విషయంలో న్యాయస్థానాలు అప్పటి పిల్లల క్షేమాన్ని చూస్తాయి గాని, వారు పుట్టకముందు తల్లిదండ్రులు రాసుకున్న కాగితానికి సాధారణంగా కట్టుబడవు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది చివరి పేజీ: ఇద్దరం భరణం హక్కును పూర్తిగా వదులుకుంటున్నామని అక్కడ సిద్ధంగా రాసి ఉంది. మమ్మల్ని ఎవరూ ఆ మాట అడగలేదు. ఈ సేవను అంతర్జాతీయ వివాహం చేసుకోబోయే వారెవరికీ నేను సిఫారసు చేయను.

న్యాయవాద కార్యాలయంలో మొదటి సమావేశం గంటన్నర సాగింది. న్యాయవాది గారు మా ఆస్తుల జాబితాను పక్కన పెట్టి, గత ఐదేళ్లు ఎవరెక్కడ ఉన్నారు, పెళ్లయిన వెంటనే ఇద్దరూ కలిసి ఎక్కడ ఉంటారు, స్థిరాస్తి ఏ దేశంలో ఉంది, ఎవరి వీసా ఎవరి మీద ఆధారపడుతుంది అని అడిగారు. ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాటే నా ఆలోచనను మార్చింది. మీరు రాసుకోకపోతే మీరు కాపురముండే దేశపు చట్టం మీ తరఫున రాసేస్తుంది, అందులో ఏముందో తెలుసుకున్నాకే ఒప్పందం అక్కర్లేదని అనుకోండి అన్నారు ఆవిడ.

ఆ చట్టాలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటాయో నాకు అంతవరకు తెలియదు. జర్మనీలో ఒప్పందం లేకపోతే ఎవరి ఆస్తి వారిదే, కాని వివాహకాలంలో ఎవరి సంపద ఎంత పెరిగిందో లెక్కగట్టి విడాకుల సమయంలో ఆ పెరుగుదలను సమం చేస్తారు. నెదర్లాండ్స్‌లో 2018 జనవరి 1కి ముందు ఒప్పందం లేకుండా పెళ్లి చేసుకున్నవారికి, కొద్ది మినహాయింపులు తప్పిస్తే, పెళ్లికి ముందున్న ఆస్తులూ అప్పులూ సైతం ఉమ్మడివైపోయేవి. ఆ తేదీ తర్వాత పెళ్లిళ్లకు ఉమ్మడి పరిధిని తగ్గించారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి సూత్రమేదీ లేదు, న్యాయమైన పంపకం ఏదో న్యాయమూర్తి విచక్షణతో తేల్చవలసి ఉంటుంది. అంటే ఒకే దంపతులు, ఒకే ఆస్తి, విడాకుల కేసు ఏ ఊళ్లో వేశారన్న దాన్నిబట్టి ఫలితం మారిపోవచ్చు.

ఇంకొక సంగతి నన్ను మరింత ఆశ్చర్యపరచింది. దాంపత్య ఆస్తులకు వర్తించే చట్టంపై 1978లో కుదిరిన హేగ్ ఒడంబడిక ఫ్రాన్స్, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ దేశాల్లో 1992 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, ఒప్పందం గాని చట్టం ఎంపిక గాని చేసుకోని దంపతులు వేరే దేశంలో పదేళ్లు స్థిరంగా ఉంటే, వారికి వర్తించే చట్టం దానంతటదే మారిపోయే సందర్భాలున్నాయి. ఎవరూ నోటీసు పంపరు, ఎవరూ సంతకం అడగరు. 2019 జనవరి 29 నుంచి జరిగే పెళ్లిళ్లకు యూరోపియన్ యూనియన్‌లోని 18 దేశాలు కొత్త నిబంధనను పాటిస్తున్నాయి. మామూలుగా పెళ్లి తర్వాత ఇద్దరూ మొదట కలిసి నివసించిన దేశపు చట్టం వర్తిస్తుంది. అది వద్దనుకుంటే ఇద్దరిలో ఒకరి నివాస దేశపు చట్టాన్ని గాని, ఒకరి పౌరసత్వ దేశపు చట్టాన్ని గాని రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు. మా ఒప్పందంలో అన్నిటికన్నా విలువైనది ఈ ఎంపిక వాక్యమేనని నా నమ్మకం. ఎవరికి ఎంత అన్న పంపకం కన్నా, ఏ చట్టం కింద అన్నది ముందు తేలాలి.

ఒప్పందం రాసుకున్నా అది చెల్లుతుందా అన్న భయం నాది. న్యాయవాది గారు రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి వివరించారు. మొదటిది 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చింది. భార్య జర్మన్, భర్త ఫ్రెంచ్, వారు ఒప్పందంపై 1998లో జర్మనీలో నోటరీ ఎదుట సంతకాలు చేసి లండన్‌లో పెళ్లి చేసుకున్నారు. భర్తకు విడిగా న్యాయ సలహా అందలేదు, భార్య సంపద వివరాలు అతని ముందు పెట్టలేదు. అయినా అతనికి ఒప్పందం అర్థం తెలుసునని భావించి న్యాయస్థానం దానికి నిర్ణయాత్మకమైన విలువనిచ్చింది. రెండవది 2017లో ఆస్ట్రేలియా హైకోర్టు తీర్పు. అక్కడ ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం పేరు అదే. ఇంటర్నెట్‌లో పరిచయమైన ధనికుడైన వృద్ధుణ్ణి పెళ్లాడడానికి ఒక మహిళ విదేశం నుంచి వచ్చింది. ఆమె చేతిలో చెప్పుకోదగిన ఆస్తి లేదు, ఆమె కుటుంబాన్ని కూడా పెళ్లికి రప్పించారు. పెళ్లికి పది రోజుల ముందు, సంతకం చేయకపోతే పెళ్లి జరగదన్నారు. ఆమెకు స్వతంత్ర న్యాయవాది ఉన్నారు, సంతకం చేయవద్దని ఆ న్యాయవాది స్పష్టంగా చెప్పారు కూడా. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఆమె సంతకం చేసింది. న్యాయస్థానం ఆ ఒప్పందాన్నీ, పెళ్లి తర్వాత చేయించిన రెండవ ఒప్పందాన్నీ కొట్టివేసింది.

రెండవ కథ విన్న రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. వీసా కోసం అవతలి మనిషి మీద ఆధారపడే స్థితి ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా ఇద్దరిలో ఆ స్థానం నాదే. సలహా దొరకడం ఒకటి, ఆ సలహా ప్రకారం వద్దనగల వీలుండడం మరొకటి. అందుకే తేదీల విషయంలో ఆ కార్యాలయం చూపిన పట్టుదలను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పెళ్లికి రెండు నెలలకు లోపైతే సంతకాలు చేయించబోమని మొదటి రోజే చెప్పారు. కాలిఫోర్నియా చట్టం తుది పత్రం ఇచ్చిన రోజుకూ సంతకం రోజుకూ మధ్య కనీసం ఏడు రోజులు ఉండాలంటుంది. ఇంగ్లండ్ న్యాయ కమిషన్ 2014లో పెళ్లికి 28 రోజుల ముందే సంతకాలు పూర్తికావాలని సూచించింది.

వీసాకు సంబంధించి మరొక వివరం చెప్పాలి. అమెరికాకు జీవిత భాగస్వామిని రప్పించుకునేవారు, ఆమెకు లేదా అతనికి పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకుండా పోషణ చూస్తామని ప్రభుత్వానికి హామీ పత్రం రాసివ్వాలి. వివాహానికి ముందు చేసుకున్న ఒప్పందంతో ఆ హామీ రద్దు కాదని అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు ఒకటి 2016లో తీర్పు చెప్పింది.

ఇక లోపాలు. నా కాబోయే భర్తకు వేరే న్యాయవాది కావాలన్నప్పుడు, ఆ కార్యాలయం వారు తమకు బాగా పరిచయమున్న వ్యక్తినే సూచించారు. అది తప్పని ఆయనా నేనూ ఇద్దరం అనుకుని, ఆయన స్వయంగా మరొకరిని వెతుక్కున్నారు. రెండవ దేశపు న్యాయవాది అభిప్రాయానికి విడిగా రుసుము ఉంటుందని ముందు చెప్పలేదు, బిల్లు వచ్చాకే తెలిసింది. ఒప్పందం రెండు భాషల్లో తయారైంది గాని, రెండు ప్రతుల మధ్య తేడా వస్తే ఏది ప్రమాణమన్న వాక్యం మొదటి ముసాయిదాలో లేదు. నేను అడిగాకే చేర్చారు. అంతర్జాతీయ వ్యవహారాలే వృత్తిగా ఉన్నవారు ఇలాంటిది మరిచిపోవడం చిన్న లోపం కాదు.

చివరికి ఒప్పందం రాసుకున్నాం, అది నాలుగు పేజీలే. వర్తించే చట్టం ఎంపిక, పెళ్లికి ముందున్న ఆస్తులూ అప్పులూ ఎవరివి వారికే, పెళ్లి తర్వాత సంపాదించేది ఉమ్మడి, బిడ్డ పుట్టినా దేశం మారినా తిరిగి చూసుకోవాలన్న నిబంధన. భరణం హక్కును నేను వదులుకోలేదు, ఆయన అడగనూ లేదు. ఆస్తి అప్పుల జాబితా రాస్తున్నప్పుడు, తమ్ముడి చదువు కోసం ఆయన తీసుకున్న అప్పు ఇంకా తీరలేదని నాకు మొదటిసారి తెలిసింది. మా అమ్మకు నేను నెలనెలా పంపే డబ్బు సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్నంత నిజాయితీగా అంతకుముందు డబ్బు గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇద్దరూ ఒకే దేశంలో స్థిరపడే ఉద్దేశంతో, చెప్పుకోదగ్గ ఆస్తులు గాని అప్పులు గాని లేకుండా పెళ్లి చేసుకునేవారికి పూర్తి ఒప్పందం అవసరం ఉండకపోవచ్చు, అలాంటివారు ఒక్క సంప్రదింపుతో ఆగినా సరిపోతుంది. ముందు వివాహంలో పిల్లలున్నవారు, కుటుంబ వ్యాపారంలో వాటా ఉన్నవారు, ఒకటికి మించి దేశాల్లో స్థిరాస్తి ఉన్నవారు మాత్రం ఆస్తి ఉన్న ప్రతి దేశంలోనూ ఒక న్యాయవాదికి ముసాయిదా చూపించాలి. ఒక దేశపు పత్రం మరో దేశంలో చూపడానికి వేయించే అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర ఉంటే చాలని కొందరు అనుకుంటారు గాని, 1961 నాటి హేగ్ ఒడంబడిక కింద ఇచ్చే ఆ ముద్ర సంతకమూ అధికారిక హోదా నిజమైనవని మాత్రమే ధ్రువీకరిస్తుంది, లోపలి షరతులు చెల్లుతాయని చెప్పదు.

లోపాలున్నా ఆ కార్యాలయానికే మళ్లీ వెళ్తాను. ఉద్యోగాలు మారి నాలుగో దేశానికి వెళ్లవలసి వస్తే, సామాను సర్దుకోవడానికి ముందే వారికి ఫోన్ చేయాలని ఇద్దరం అనుకున్నాం.