ఇంటికొచ్చే పోస్టాఫీసు ఆధార్ మిషన్: మా అవ్వ అనుభవం

మా అవ్వ వేలిరేఖలు ఎప్పుడో అరిగిపోయాయి. కళ్యాణదుర్గం పక్క మా ఊళ్లో నలభై ఏళ్లు శెనక్కాయలు పీకి, ఒలిచిన చేతులు అవి. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి వేలిముద్రతో డబ్బులిచ్చే సేవ ఎలా ఉందని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ చేతులే.

2020 ఏప్రిల్, లాక్‌డౌన్. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. బ్యాంకుల దగ్గర గుంపు చేరకుండా ఖాతా నంబర్ చివరి అంకెను బట్టి రోజులు పెట్టారు. అవ్వది 7, అంటే ఏప్రిల్ 8. బస్సుల్లేవు, బ్యాంకు పదకొండు కిలోమీటర్లు. డెబ్బై దాటిన మనిషిని ఆ ఎండలో క్యూలో నిలబెట్టాలంటే నాకు భయమేసింది. రేషన్ కార్డుకు రాష్ట్రం ఇచ్చిన వెయ్యి రూపాయల్ని అంతకు నాలుగు రోజుల ముందే వాలంటీర్ మా గడపలో చేతికిచ్చి వెళ్లింది. ఈ 500 మాత్రం ఖాతాలోనే ఉండిపోయింది. అవ్వ బీపీ మాత్రలు రెండు రోజులకే మిగిలాయి.

పోస్ట్‌మ్యాన్ అన్నకు ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు. చేతిలో ఫోను, దానికి వైరుతో వేలిముద్ర మిషన్. ఖాతా పోస్టాఫీసులోనే ఉండక్కర్లేదు, ఏ బ్యాంకుదైనా ఆధార్ లింకై ఉంటే చాలు. బొటనవేలు పడలేదు. చూపుడు వేలూ పడలేదు. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొందరేం లేదవ్వా, ఇంకా ఎనిమిది వేళ్లున్నాయి కదా" అంటూ పోస్ట్‌మ్యాన్ అన్న అవ్వ చేతులు సబ్బుతో కడిగించాడు, మిషన్ అద్దం తుడిచాడు, ఒక్కో వేలూ పెట్టించాడు. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. 500 లెక్కపెట్టి ఇచ్చాడు, మా దగ్గర ఒక్క రూపాయీ తీసుకోలేదు.

మే నెలలో అన్న వేరే ఊళ్ల డ్యూటీలో ఉన్నాడు. తొందరపడి అవ్వను టౌన్లో ఒక ప్రైవేటు షాపుకు తీసుకెళ్లాను. అదే రకం మిషన్. స్క్రీన్ మీద ఫెయిల్ అని వచ్చింది, ఖాతాలో మాత్రం డబ్బులు కట్ అయ్యాయి. రసీదు అడిగితే ఇవ్వలేదు. తొమ్మిది రోజులు టెన్షన్ పడ్డాక తిరిగి జమయ్యాయి. ఇలా కట్ అయితే ఐదు రోజుల్లో వెనక్కి వేయాలనీ, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారమివ్వాలనీ రిజర్వ్ బ్యాంక్ 2019లోనే చెప్పిందని నాకు చాలా తర్వాత తెలిసింది. మీరు మాత్రం ఫెయిలైనా రసీదు లేకుండా కదలకండి.

పోస్ట్‌మ్యాన్ సేవకు ఐదుకు నాలుగిస్తాను. తగ్గించిన ఒకటి అన్న వల్ల కాదు, అప్పట్లో వేలిముద్ర తప్ప ఇంకో దారి లేకపోయినందుకు. కోవిడ్ నెలల్లో పింఛన్‌కు వేలిముద్ర వద్దని ఫొటో తీసుకుని ఇచ్చారు. వరదొచ్చినా కరువొచ్చినా సాయం డబ్బుకు కూడా ఆ వెసులుబాటు ఉండాలి. రేఖలు అరిగేది కష్టం చేసినవాళ్లకే, సాయం కావలసిందీ వాళ్లకే.

అవ్వ ఇప్పుడు మంచం దిగలేదు. అన్న మొన్న కూడా వచ్చి మంచం పక్కనే కూర్చుని ఎడమ ఉంగరపు వేలు పెట్టించాడు. మూడోసారికి పడింది.