ఆటల పెత్తనం సర్కారుకా, సంఘాలకా, కోర్టుకా: ఏది మేలు?

2022 ఆగస్టులో గోకులం కేరళ మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్లబ్ టోర్నీ ఆడటానికి ఉజ్బెకిస్తాన్ వెళ్ళింది. సరిగ్గా అప్పుడే భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా సస్పెండ్ చేసింది. సమాఖ్య సస్పెండ్ అయితే దాని కింద ఉన్న క్లబ్బులన్నీ ఆగిపోవాల్సిందే. ఆ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి వచ్చారు.

వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. ఢిల్లీలో సమాఖ్య అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్ పదవీకాలం ముగిసినా ఎన్నికలు జరగలేదు. సుప్రీంకోర్టు 2022 మేలో ఆయన్ని తప్పించి, పాలన ఒక కమిటీకి అప్పజెప్పింది. బయటివాళ్ళు మా సభ్యసంఘంలో వేలు పెట్టకూడదన్నది ఫిఫా నియమం. అందుకే వేటు పడింది. కోర్టు ఆ కమిటీని రద్దు చేశాక, ఆగస్టు 26న ఫిఫా సస్పెన్షన్ ఎత్తేసింది. అక్టోబరులో మన దేశంలో జరగాల్సిన అండర్-17 మహిళల ప్రపంచకప్ దక్కింది కానీ ఆ క్లబ్ టోర్నీ మాత్రం పోయింది. సమాఖ్య, కోర్టు, ఫిఫా మూడూ తమ తమ నియమాల ప్రకారమే నడిచామన్నాయి. మధ్యలో ఆటగాళ్ళు అడకత్తెరలో పోకచెక్కలయ్యారు.

మరి ఆటల పెత్తనం ఎవరి చేతిలో ఉండాలి? సర్కారు చేతిలోనా, సంఘాలకే వదిలెయ్యాలా, కోర్టు సరిదిద్దాలా? మామూలుగా ఈ మాట రాగానే పతకాల పట్టిక తీస్తారు. అది పనికిరాని కొలత అని నా అభిప్రాయం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు 40 బంగారు పతకాలు, అమెరికాకూ 40. చైనాలో ఆటలన్నీ సర్కారు గుప్పిట్లో ఉంటాయి. అమెరికాలో కేంద్ర స్థాయిలో క్రీడల మంత్రిత్వ శాఖే లేదు. పతకం వచ్చిన రోజు ఏ పద్ధతైనా అందంగానే కనిపిస్తుంది. డబ్బు పక్కదారి పట్టిన రోజో, ఒక ఆడపిల్ల కోచ్ మీద ఫిర్యాదు పెట్టిన రోజో, పెద్దాయన కుర్చీ దిగనని భీష్మించుకున్న రోజో ఏం జరిగిందన్నది చూడాలి. ఇక్కడ నా కొలబద్ద అదే.

ముందు సంఘాల స్వయంపాలన సంగతి. ఫిఫా, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గట్టిగా పట్టుకున్నది ఈ సూత్రాన్నే. దీన్ని కొట్టిపారేయలేం. 1980లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో ఉన్నందుకు మాస్కో ఒలింపిక్స్‌కు వెళ్ళొద్దని అమెరికా అధ్యక్షుడు కార్టర్ పట్టుబట్టారు, అక్కడి ఒలింపిక్ కమిటీ తలొగ్గింది. బ్రిటన్‌లో థాచర్ కూడా వద్దనే అన్నారు. కానీ బ్రిటిష్ ఒలింపిక్ సంఘం ఆమె మాట వినకుండా జట్టును పంపింది. స్టీవ్ ఒవెట్ 800 మీటర్లలో, సెబాస్టియన్ కో 1500 మీటర్లలో బంగారం గెలిచారు. అమెరికా క్రీడాకారులు మాత్రం ఇంట్లోనే ఉండిపోయారు. నాలుగేళ్ళ కష్టం మంత్రిగారి ఒక్క ప్రకటనతో గాలిలో కలిసిపోకుండా కాపాడేది ఈ స్వయంపాలనే.

కానీ ఓట్లు ఎవరివో చూడండి. సస్పెన్షన్ ఎత్తేశాక, 2022 సెప్టెంబరు 2న భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికలు జరిగాయి. బైచుంగ్ భూటియా పోటీ చేశాడు. ఫుట్‌బాల్ చూడనివాళ్ళకు కూడా తెలిసిన మాజీ కెప్టెన్. ఆయనకు వచ్చిన ఓటు ఒక్కటంటే ఒక్కటి. గెలిచిన కల్యాణ్ చౌబేకు 33. బీజేపీ నాయకుడే అయినా చౌబే కూడా ఒకప్పటి గోల్‌కీపరే, కాబట్టి ఇది ఆటగాడికీ రాజకీయ నాయకుడికీ మధ్య పోటీ అని పూర్తిగా అనలేం. అయితే అక్కడ ఓటు వేసింది రాష్ట్ర సంఘాల ప్రతినిధులు. ఆటగాళ్ళకు ఓటు హక్కు ఇవ్వాలని కోర్టు కమిటీ ప్రతిపాదిస్తే ఆ దారి మూసుకుపోయింది. ఫిఫాలోనూ లెక్క ఇంతే. 211 సభ్యసంఘాలు, ఒక్కోదానికి ఒక్కో ఓటు. పేరుకి ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఉండదు. ఓటరు సంఘానికి నిధులు పంచేదీ, ఓటు అడిగేదీ ఒకరే అయినప్పుడు ఎన్నిక ఎలా ఉంటుందో మన పంచాయతీలు చూసినవాళ్ళకి వేరే చెప్పాలా? 2015 మేలో ఫిఫా పెద్దలను లంచాల కేసులో జూరిచ్ హోటల్లో పోలీసులు పట్టుకెళ్ళారు. ఆ కేసు పెట్టింది ఫిఫా సొంత కమిటీ కాదు, అమెరికా న్యాయశాఖ.

మన ఇంట్లో ఈ పద్ధతికి ధనిక రూపం బీసీసీఐ. సర్కారు గ్రాంటు తీసుకోదు. 2023-27 ఐపీఎల్ ప్రసార హక్కులు ఒక్కటే 48,390 కోట్ల రూపాయలకు అమ్మింది. 2024-27 మధ్య ఐసీసీ పంచే ఆదాయంలో 38.5 శాతం దీనిదే. పనితనం విషయంలో వంక పెట్టడానికి లేదు. దేశవాళీ టోర్నీలు, పెన్షన్లు, మహిళలకు పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు (2022 నుంచి) ఇవన్నీ మిగతా ఆటల వాళ్ళు కలలో కూడా ఊహించలేరు. బాగా నడుస్తున్న ఇల్లే. కానీ లెక్క చెప్పమని అడిగే హక్కు ఎవరికీ లేదు. 2018లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మన మాడభూషి శ్రీధర్ ఆచార్యులు, బీసీసీఐ కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని ఆదేశించారు. బోర్డు హైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంది. దేశం పేరుతో జట్టును ఎంపిక చేసేవాళ్ళు ఎంపిక ఎలా జరిగిందో చెప్పక్కర్లేదంటే నాకు మింగుడుపడదు.

సర్కారు చేతికిస్తే బాగుపడుతుందా అంటే, మన దేశంలో చూసింది వేరు. ఇక్కడ డబ్బు సర్కారుది, పెత్తనం సంఘాలది. క్యాంపులు, విదేశీ కోచ్‌లు, విమాన టికెట్లు చాలా వరకు కేంద్రం ఖర్చే. అయినా అధ్యక్షులు ఏళ్ళ తరబడి దిగరు. 2011లో కేంద్రం క్రీడా నియమావళి తెచ్చి, 70 ఏళ్ళ వయోపరిమితి, పదవీకాలానికి హద్దు పెట్టింది. కానీ అది చట్టం కాదు, గుర్తింపు, గ్రాంటు కావాలంటే పాటించాల్సిన షరతు మాత్రమే. సర్కారు జోక్యం చేసుకుంటోందంటూ 2012 డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మన ఒలింపిక్ సంఘాన్ని సస్పెండ్ చేసింది. 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మనవాళ్ళు మువ్వన్నెల జెండా లేకుండా, ఒలింపిక్ జెండా వెనక నడిచారు.

ఇక రెజ్లర్ల సంగతి. 2023 జనవరిలో వినేశ్ ఫొగాట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. అప్పటి సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించారు. ఆ కేసు మంచిచెడ్డలు తేల్చాల్సింది కోర్టు. నేను అడిగేది వేరు. ఒలింపిక్ పతకాలు తెచ్చినవాళ్ళు ఫిర్యాదు చెప్పుకోవడానికి ఫుట్‌పాత్ తప్ప వేరే చోటు ఎందుకు లేకపోయింది? సమాఖ్యలో చెబితే విచారించేది ఆ సమాఖ్యే. మంత్రిత్వ శాఖ ఒక కమిటీ వేసింది, నెలలు గడిచాయి. ఏప్రిల్‌లో మళ్ళీ రోడ్డెక్కి సుప్రీంకోర్టు గుమ్మం తొక్కితే గానీ ఎఫ్‌ఐఆర్ కాలేదు. ఎన్నికలు సకాలంలో జరగలేదని ఆగస్టులో ప్రపంచ కుస్తీ సంస్థ మనల్ని సస్పెండ్ చేసింది. సెప్టెంబరులో అంతిమ్ పంఘల్ ప్రపంచ పోటీల్లో కంచు పతకం గెలిచింది, అది కూడా తటస్థ జెండా కిందే. డిసెంబరు 21న ఎన్నికల్లో ఆ పాత అధ్యక్షుడి సన్నిహితుడే గెలిచాడు, ఆ రోజే సాక్షి మలిక్ కుస్తీ వదిలేస్తున్నానంది. గ్రాంటు ఇచ్చే సర్కారు, స్వయంపాలన ఉన్న సంఘం, అంతర్జాతీయ సంస్థ, ముగ్గురూ ఉండి కూడా ఏడాది పోయింది.

కోర్టు సంగతి చూద్దాం. నాకు మొదట్లో దీని మీద చాలా ఆశ ఉండేది. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ తర్వాత బీసీసీఐని సంస్కరించడానికి సుప్రీంకోర్టు లోధా కమిటీని వేసింది, దాని సిఫార్సులను 2016 జులైలో ఆమోదించింది, 2017లో పాలకుల కమిటీని కూర్చోబెట్టింది. ఆ కమిటీ 2019 అక్టోబరు దాకా ఉంది. మంత్రులు పదవుల్లో ఉండకూడదు, 70 దాటితే దిగాలి, వరుసగా పదవులు పట్టుకుని వేలాడకుండా మధ్యలో మూడేళ్ళ విరామం ఉండాలి. ఈ నియమాలు వింటే ముచ్చటేసింది. తర్వాత 2018లో కొన్ని సడలాయి. 2022 సెప్టెంబరులో విరామ నియమం కూడా సడలింది. దాంతో రాష్ట్ర సంఘంలో ఆరేళ్ళు, బోర్డులో ఆరేళ్ళు, వరుసగా పన్నెండేళ్ళు ఉండే వీలు వచ్చింది.

హైదరాబాద్ క్రికెట్ సంఘం కథ మనకు ఇంకా దగ్గరిది. గొడవలు ముదిరి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి లావు నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించింది. అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. 2025 జులైలో ఆ ఎన్నికల్లో గెలిచిన అధ్యక్షుడినే తెలంగాణ సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణలు రుజువవుతాయో లేదో తర్వాతి మాట, కోర్టు పర్యవేక్షణలో ఎన్నిక జరిగిన రెండేళ్ళకే కథ మళ్ళీ పోలీసుల దగ్గరకు చేరింది. ఉప్పల్ స్టేడియం బయట టికెట్ల కోసం తోపులాటలో నిలబడ్డ ఎవరినైనా అడగండి, ఇందులో ఆశ్చర్యం లేదంటారు. కోర్టు మంటలు ఆర్పే ఫైరింజను లాంటిది, దాన్ని పట్టుకుని ఇల్లు కట్టలేం.

బయట దేశాల్లో నాకు బాగా నచ్చింది, నచ్చుతూనే భయపెట్టింది బ్రిటన్. 1996 అట్లాంటాలో వాళ్ళకు వచ్చింది ఒకే ఒక్క బంగారం, పట్టికలో 36వ స్థానం. అవమానంతో 1997లో యూకే స్పోర్ట్ అనే సంస్థ పెట్టి, లాటరీ డబ్బు, పన్నుల డబ్బు దాని ద్వారా పంచారు. 2016 రియోలో 27 బంగారు పతకాలతో రెండో స్థానానికి ఎక్కారు. సర్కారు నేరుగా సమాఖ్యలను నడపదు. డబ్బు కావాలంటే మాత్రం షరతులు పాటించాలి. కార్యవర్గంలో స్వతంత్రులు ఉండాలి, ఆడవాళ్ళ వాటా కనీసం 30 శాతం లక్ష్యంగా పెట్టుకోవాలి, లెక్కలు బయట పెట్టాలి. 2016లో వచ్చిన ఈ నియమావళిని కాదంటే చెక్కు రాదు, అంతే.

భయం ఎందుకంటే, పతకాల లెక్క చాలా కర్కశమైనది. రియోలో వాళ్ళ బ్యాడ్మింటన్ జోడీ కంచు పతకం గెలిచింది. అయినా కొన్ని నెలల్లోనే బ్యాడ్మింటన్‌కు యూకే స్పోర్ట్ డబ్బు ఆగిపోయింది, తర్వాతి ఒలింపిక్స్‌లో పతకం ఆశ తక్కువని. మన దగ్గర ఎవరైనా బ్యాడ్మింటన్‌కు ఇలా చేస్తే గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఎలా నిలిచేది? పైగా పతకం కోసం డబ్బు ఇచ్చేచోట కోచ్ అరుపులూ కొట్టడాలూ కూడా చెల్లిపోతాయి. బ్రిటిష్ జిమ్నాస్టిక్స్‌పై 2022లో వచ్చిన వైట్ నివేదికకు 400 మందికి పైగా తమ అనుభవాలు రాసి పంపారు. పతకాలకు లోటు లేని సంవత్సరాల సంగతులే అవి.

అమెరికాది ఇంకో దారి. 1978 చట్టం ఒలింపిక్ కమిటీకి అధికారం ఇచ్చింది, సర్కారు మాత్రం డబ్బు ఇవ్వలేదు, అజమాయిషీ చెయ్యలేదు. జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ చేతిలో ఎంతమంది ఆడపిల్లలు నలిగారో 2018లో కోర్టులో 150 మందికి పైగా చెప్పాక లోకానికి తెలిసింది. తర్వాత 2020లో చట్టం మార్చారు: పాలకవర్గాల్లో మూడో వంతు క్రీడాకారులే ఉండాలి, అవసరమైతే ఒలింపిక్ కమిటీ పాలకమండలిని అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) రద్దు చేయవచ్చు. నాకు ఈ మూడో వంతు మాట చాలా నచ్చింది. మన ఫుట్‌బాల్‌లో కోర్టు కమిటీ అడిగింది ఇలాంటిదే.

చైనా గురించి ఒక్క మాటే. అక్కడి ఫుట్‌బాల్ సంఘం మాజీ అధ్యక్షుడు చెన్ షుయువాన్‌కు 2024లో లంచాల కేసులో యావజ్జీవ శిక్ష పడింది. సర్కారు తలచుకుంటే శిక్ష గట్టిగానే పడుతుంది, తలచుకోకపోతే అడిగే దిక్కు లేదు.

ఇప్పుడు మన దగ్గర 2025 ఆగస్టులో కొత్త క్రీడా పాలన చట్టం వచ్చింది. సమాఖ్యలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు, తగాదాలకు ట్రిబ్యునల్, ఎన్నికలకు ప్రత్యేక ప్యానెల్ ఇందులో ఉన్నాయి. కార్యవర్గం 15 మందికి మించకూడదు, అందులో కనీసం నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు పేరున్న క్రీడాకారులు ఉండాలి. పదిహేనులో ఇద్దరంటే, అమెరికా మూడో వంతు ముందు చిన్నబోతుంది. క్రికెట్ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి వస్తోంది కాబట్టి బీసీసీఐ కూడా గుర్తింపు తీసుకోవాల్సిందే. కానీ సమాచార హక్కు సర్కారు డబ్బు తీసుకునే సంఘాలకే అన్న సవరణతో బీసీసీఐ ఆ ఒక్క తలుపు నుంచి తప్పుకుంది. గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు సభ్యులను నియమించేది కేంద్రమే. అంటే రేపు స్విట్జర్లాండ్‌లో ఉన్న ఫిఫా, ఒలింపిక్ కమిటీల నుంచి మళ్ళీ సస్పెన్షన్ కాగితం రాదన్న భరోసా లేదు.

నా మటుకు తేల్చమంటే, ఒకే పద్ధతి అన్ని ఆటలకూ పెట్టను. సర్కారు డబ్బు మీద బతికే కుస్తీ, బాక్సింగ్, అథ్లెటిక్స్ లాంటి వాటికి బ్రిటన్ పద్ధతి మేలు: నడపడం మీరే, లెక్క మాత్రం చెప్పాలి. అయితే పతకం రాలేదని గ్రాంటు కోసే అలవాటు ఇటు తేవొద్దు. బీసీసీఐని సర్కారు నడపాల్సిన పని లేదు, సమాచార హక్కు ఒక్కటి తగిలిస్తే సగం రోగం కుదురుతుంది. కోర్టుకు అప్పీలు వరకే పని ఉండాలి. ఫిర్యాదులు మాత్రం సంఘంలోనూ మంత్రిత్వ శాఖలోనూ కాకుండా మూడోచోట వినాలి, అది ట్రిబ్యునలే కావాలి. ఓటర్ల జాబితాలో ఆటగాళ్ళు మూడో వంతన్నా ఉండాలి. ఇది ఢిల్లీలో మొదలైతే చాలదు. ఓటు పుట్టేది జిల్లా సంఘంలో. నాకు తెలిసిన ఒక జిల్లాలో కబడ్డీ సంఘం కార్యదర్శి పేరు నా చిన్నప్పుడు ఏదో ఇప్పుడూ అదే, బోర్డు మీద రంగు మాత్రం రెండుసార్లు మార్చారు. ట్రిబ్యునల్‌కు మొదటి కేసులు వెళ్ళినప్పుడు నేను చూసేది తీర్పును కాదు, ఫిర్యాదు పెట్టిన అమ్మాయి పేరు తర్వాతి క్యాంపు జాబితాలో ఉందా లేదా అని.