మెర్సరైజ్డ్ 2/80 నూలు చిలపలు: పడుగుకి పనికొస్తాయా?

మెరుపొక్కటే చూసి కొంటే దెబ్బతింటాం. ఈ 2/80 నూలులో, అంటే 80 నంబరు పోగులు రెండు కలిపి పేనిన నూలులో, మెరుపూ ఉంది, బలమూ ఉంది. ఎటొచ్చీ చిలప చిలపకీ ఒకేలా లేదు.

మెర్సరైజ్ చేయడమంటే ఇదీ: నూలును బిగువుగా లాగిపట్టి, 20–25 శాతం కాస్టిక్ సోడా (గాఢమైన క్షారం) ద్రావణంలో, 15–18 డిగ్రీల చల్లదనంలో నిమిషం లోపు ఉంచితే, మెలికలు తిరిగిన రిబ్బను లాంటి పత్తి పీచు ఉబ్బి గుండ్రటి కడ్డీలా అవుతుంది. లోపల పత్తికి మూలపదార్థమైన సెల్యులోజు గొలుసుల అమరికే మారిపోతుంది. సాధారణంగా బలం 15–25 శాతం పెరుగుతుంది, రంగు గాఢంగా పడుతుంది. బిగువు లేకపోతే మాత్రం నూలు ముడుచుకుపోతుంది, మెరుపు రాదు.

ఈ చిలపల్లో తేడా కొట్టింది ఆ బిగువు దగ్గరే. ఒకే చిలపలో కొన్ని పోగులు బిగువుగా, కొన్ని వదులుగా ఉండిపోయాయి. రియాక్టివ్ నీలం (పత్తితో రసాయనికంగా కలిసిపోయే రంగు) అద్దితే చారలే చారలు. పైగా తడి నూలు మీద వేసిన ఫినాఫ్తలీన్ చుక్క గులాబీ రంగుకు తిరిగింది, అంటే క్షారం పూర్తిగా కడగలేదన్నమాట. లీటరుకు 1 మి.లీ. ఎసిటిక్ ఆసిడ్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, రెండుసార్లు జాడించాకే అద్దకానికి దించాలి. క్షారంతోనే వేడిగాలికి ఆరబెడితే ఆక్సిజన్ సెల్యులోజును తినేస్తుంది. అలాంటి పడుగు మగ్గం మీదే పుటుక్కుమంటుంది.

ధర తగ్గిస్తే పేకకి తీసుకోవచ్చు. పడుగుకి వద్దు.