హెచ్‌ఎక్స్‌డీ హెక్స్ ఎడిటర్: ఓపెన్ కాని ఫొటోల్లో ఒక ఫోల్డర్ మొత్తం వెనక్కొచ్చింది

విండోస్‌లో వాడే హెక్స్ ఎడిటర్ ఇది, అంటే ఫైల్లో ఉన్న ఒక్కో బైటుని (డేటాలో చిన్న ముక్క) 0-9, ఏ-ఎఫ్‌లతో రెండక్షరాల కోడ్‌గా చూపించి మార్చనిచ్చేది, ఫ్రీ. చాన్నాళ్ళుగా నా దగ్గర ఉంది కానీ మొన్న తాతయ్య సంవత్సరీకం ముందు ఇది చేసిన పని చూశాక రివ్యూ రాయాల్సిందే అనిపించింది.

సంగతేంటంటే ఇంట్లో పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి ఒక హోస్టింగ్‌లో పెట్టుకున్నాం, ప్లాన్ టైమ్ అయిపోతుందని ఎఫ్‌టీపీలో (సర్వర్ నుంచి ఫైళ్ళు తెచ్చుకునే పద్ధతి) కిందకి దింపేసుకుని అక్కడ తీసేశాం. పెద్దమ్మ ఫ్రేమ్ కట్టించాలి తాతయ్య ఫొటో పంపమ్మా అంటే ఫోల్డర్ తీశా, ఒక్కటంటే ఒక్కటి ఓపెన్ అవ్వలా. పేర్లున్నాయి, సైజులున్నాయి, బొమ్మ రాదు. రికవరీ షాపుకి పట్టుకెళ్తే డిస్క్ పోయిందండీ 6 వేలవుద్ది అన్నారు. డిస్క్‌కి ఏమీ కాలేదు, అది హెచ్‌ఎక్స్‌డీలో తెరిచిన నిమిషంలో తెలిసిపోయింది.

ఆ స్కాన్ ఫొటోలు పీఎన్‌జీ రకంవి. పీఎన్‌జీ ఫైలు ఏదైనా సరే మొదటి 8 బైట్లు 89 50 4ఈ 47 0డీ 0ఏ 1ఏ 0ఏ అని ఉండాలి. నా ఫైల్లో 89 50 4ఈ 47 0డీ 0డీ 0ఏ 1ఏ 0డీ 0ఏ అని ఉంది, అంటే 0ఏ కనపడిన ప్రతిచోటా దాని ముందు ఒక 0డీ వచ్చి కూర్చుంది. ఎఫ్‌టీపీ ఆస్కీ మోడ్‌లో (టెక్స్ట్ ఫైళ్ళకి వాడే మోడ్) దింపితే జరిగేది ఇదే, లినక్స్ సర్వర్‌లో లైను చివర 0ఏ ఒక్కటే ఉంటుంది, విండోస్‌కి 0డీ 0ఏ రెండూ కావాలి, అందుకని ఆ ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ ఫొటోని కూడా ఉత్తరం అనుకుని లైన్లు సరిచేసేసింది. పీఎన్‌జీ తయారుచేసినవాళ్ళు ఇలా జరుగుతుందని తెలిసే ఆ బైట్లని మొదట్లోనే పెట్టారు, చెడితే వెంటనే దొరకాలని. వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

రిపేరు కూడా ఇందులోనే అయిపోయింది. కంట్రోల్ ఆర్ నొక్కి, హెక్స్ వాల్యూస్ ట్యాబ్‌లో 0డీ 0ఏ బదులు 0ఏ పెట్టి మొత్తం ఫైలంతా రీప్లేస్ చేసి వేరే పేరుతో సేవ్ చేశా. డబుల్ క్లిక్ చేస్తే తాతయ్య, అరుగు మీద, ఒడిలో నేను. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయా. ఒరిజినల్ ఫైల్ మీదే సేవ్ చెయ్యకండి, ముందు కాపీ తీసుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

రెండో ఫోల్డర్ దగ్గర మాత్రం ఏడుపొచ్చింది. అవి ఫోన్లో తీసిన జేపెగ్‌లు, తమ్ముడు ఒక స్క్రిప్ట్ రాసి దింపాడు, వచ్చిన డేటా ముక్కల్ని స్ట్రింగ్‌గా (అంటే టెక్స్ట్‌గా) అతికించి ఫైల్లోకి రాశాడు. జేపెగ్ ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్‌తో మొదలవ్వాలి, వీటిలో ఈఎఫ్ బీఎఫ్ బీడీ, ఈఎఫ్ బీఎఫ్ బీడీ అని వరసగా అదే. యూటీఎఫ్-8గా (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) చదవలేని ప్రతి బైటు స్థానంలో పెట్టే గుర్తు అది, నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం చూసుంటారు కదా అదే. ఎఫ్ఎఫ్ అయినా డీ8 అయినా ఒకే గుర్తైపోయాక అసలు ఏముండేదో ఎవరూ చెప్పలేరు, సైజు దాదాపు రెట్టింపైంది కానీ లోపల బొమ్మ లేదు. అదే లాటిన్-1గా (ప్రతి బైటుకీ వేరే అక్షరం ఉండే పాత పద్ధతి) చదివి యూటీఎఫ్-8లో రాసుంటే ఎఫ్ఎఫ్ కాస్తా సీ3 బీఎఫ్ అయ్యేది, దాన్ని వెనక్కి తిప్పొచ్చు. ఈఎఫ్ బీబీ బీఎఫ్ అని ఫైలు మొదట్లో ఉంటే కంగారు పడకండి, అది బామ్, ఇది యూటీఎఫ్-8 టెక్స్ట్ అని చెప్పే గుర్తు, అది వేరే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాడికి చెప్పా, పైథాన్‌లో అయితే డబ్ల్యూబీ మోడ్, నోడ్‌లో అయితే బఫర్ (రెండూ బైట్లని ఉన్నవున్నట్టే ఉంచేవి), ఫొటోని ఎప్పుడూ స్ట్రింగ్ చెయ్యొద్దురా అని.

లోపాలూ ఉన్నాయి. కుడివైపు టెక్స్ట్ కాలమ్‌లో తెలుగు తెలుగులా కనపడదు, ఒక్కో అక్షరం మూడు బైట్లు కాబట్టి త అనేది ఈ0 బీ0 ఏ4, అక్కడ మూడు పిచ్చి గుర్తులుగా వస్తుంది, తెలుగు టెక్స్ట్ ఫైళ్ళు చూసేవాళ్ళకి ఇది ఇబ్బందే. మ్యాక్, లినక్స్ వాళ్ళకి దొరకదు. కానీ రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో చూపించే కంపేర్ చాలా బాగుంది, పెద్ద ఫైళ్ళు కూడా టక్కున తెరుస్తుంది. నా రేటింగ్ 5కి 4.5. డబ్బులిచ్చి రికవరీకి వెళ్ళేముందు ఒకసారి ఇందులో తెరిచి మొదటి రెండు లైన్లు చూడండి.

రెండో ఫోల్డర్‌లో పేర్లైనా మిగిలాయి కాబట్టి ఆ లిస్ట్ పట్టుకుని ఎవరెవరికి వాట్సాప్‌లో పంపామో గుర్తుచేసుకుని ఫోన్లు చేస్తున్నా, ఇప్పటికి 11 ఫొటోలు దొరికాయి.